ఒకే సముద్ర మోడల్‌ని నలుగురు వాడుతున్నప్పుడు కోడ్, కంప్యూటర్ సమయం, డిస్క్ ఎలా పంచుకోవాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. నెల్లూరులో ఒక కాలేజీ డిపార్ట్‌మెంట్. మీ దగ్గర నలుగురు పరిశోధక విద్యార్థులు పశ్చిమ బంగాళాఖాతం మీద రోమ్స్ అనే మోడల్ (సముద్రం కదలికలను లెక్కగట్టే ప్రోగ్రామ్) నడుపుతున్నారు. గదిలో 32 కోర్ల (లెక్కలు చేసే ప్రాసెసర్ భాగాల) వర్క్‌స్టేషన్ ఒకటి, బయట ఒక సూపర్‌కంప్యూటర్ మీద అందరికీ కలిపి ఒక లాగిన్. నలుగురి దగ్గరా నాలుగు రకాల కోడ్. డిస్క్ నిండిపోయింది, సూపర్‌కంప్యూటర్ క్యూలో జాబులు (నడపమని పంపిన పనులు) కదలడం లేదు, ఒకరికి వచ్చిన ఫలితం ఇంకొకరికి రావడం లేదు. చేతికి రాబోతున్న గ్రాంటుతో కొత్త మెషిన్ కొనాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను: కొత్త మెషిన్ కొనకండి. ముందు మోడల్ మూల కోడ్ ఒక్కటే కాపీ ఉంచి, దాన్ని ఎవరూ నేరుగా ముట్టుకోకుండా చేయండి. ఎవరి మార్పులు వాళ్ల సొంత ఫోల్డర్‌లో, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) ఉండాలి. ఇన్‌పుట్ ఫైళ్లు అందరికీ కలిపి ఒకే చోట, చదవడానికి మాత్రమే. ప్రతి రన్‌కీ, అంటే మోడల్‌ని నడిపిన ప్రతిసారీ, ఒక చీటీ రాయాలి. వీటన్నిటినీ చూసుకునే మనిషి ఒకరు ఉండాలి. ఇవి కుదిరితే మీ కష్టాల్లో చాలావరకు ఖర్చు లేకుండానే పోతాయి. ఇవి లేకుండా 128 కోర్ల మెషిన్ తెచ్చినా, ఇప్పుడున్న గందరగోళమే ఇంకాస్త వేగంగా నడుస్తుంది, అంతే.

నాది ఒంగోలు పక్క. చాలా ఏళ్లుగా సముద్ర మోడళ్లు నడిపే గ్రూపుల్లో కోడ్, రన్‌లు చూసుకునే పనిలో ఉన్నాను. కాబట్టి చదివింది కాకుండా చూసిందే చెప్తాను.

ముందు కోడ్ సంగతి. రోమ్స్ ఫోర్‌ట్రాన్‌లో రాసిన పెద్ద ప్రోగ్రామ్. కొత్తగా చేరిన విద్యార్థి ఏం చేస్తాడంటే సీనియర్ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ కొట్టుకుంటాడు. అందులో సీనియర్ ఎప్పుడో పెట్టిన మార్పులు కూడా వచ్చేస్తాయి. అవేమిటో ఇతనికి తెలియదు, సీనియర్‌కి గుర్తుండదు. నిజానికి రోమ్స్ వాళ్లు ఈ ఇబ్బంది రాకుండా ముందే దారి పెట్టారు. బిల్డ్ స్క్రిప్టులో మూల కోడ్ ఎక్కడుందో ఒక దారి, మీ ప్రాజెక్టు ఎక్కడుందో ఇంకో దారి విడివిడిగా ఇవ్వొచ్చు. హెడర్ ఫైలు (ఏ ఆప్షన్లు ఆన్ చేశామో రాసేది), అనలిటికల్ ఫైళ్లు (ఇన్‌పుట్లను సూత్రాలతో ఇచ్చేవి) ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉంటాయి. మూల కోడ్‌ని ఎవరూ కదపక్కర్లేదు. యూరప్ వాళ్ల నెమో మోడల్‌లో అయితే ప్రతి కాన్ఫిగరేషన్‌కీ మై‌సోర్స్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. మార్చిన ఫైళ్లు మాత్రమే అందులో వేస్తే, కంపైల్ అయ్యేటప్పుడు (కోడ్ నడిచే ప్రోగ్రామ్‌గా మారేటప్పుడు) మూలంలోని వాటి బదులు అవి తీసుకుంటుంది. ఎవరు ఏం మార్చారో ఆ ఫోల్డర్ తెరిస్తే తెలిసిపోతుంది.

మూల కోడ్‌లోనే మార్చక తప్పని సందర్భాలు ఉంటాయి, ఉదాహరణకు మిక్సింగ్ స్కీములో (నీళ్లు పైకీ కిందకీ కలవడాన్ని లెక్కించే భాగం) కొత్త పదం కలపాలి. అప్పుడు ఆ మార్పుని ఒక సీపీపీ స్విచ్ (కంపైల్ చేసేటప్పుడు కోడ్ ముక్కని ఆన్, ఆఫ్ చేసేది) వెనక పెట్టమనండి. స్విచ్ ఆఫ్ చేసి నడిపితే పాత ఫలితం చివరి అంకెతో సహా అలాగే రావాలి. ఈ నియమం ఒక్కటి పెట్టుకుంటే సగం తగాదాలు ఉండవు. పరీక్షించడానికి రోమ్స్‌తో పాటే అప్‌వెల్లింగ్ అనే చిన్న కేసు వస్తుంది, మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా చప్పున అయిపోతుంది. గిట్‌లో మెయిన్ బ్రాంచిలోకి (అందరి ఉమ్మడి కోడ్‌లోకి) ఎవరి మార్పు వచ్చినా ముందు ఆ కేసు నడిపి, పాత దానితో పోల్చి, ఆ తరువాతే కలపాలి.

పెద్దవాళ్లు చేసేదీ ఇదే. అమెరికాలోని జీఎఫ్‌డీఎల్ అనే పరిశోధనశాల మొదలుపెట్టిన మామ్6 సముద్ర మోడల్‌ని ఇప్పుడు చాలా సంస్థలు కలిసి అభివృద్ధి చేస్తున్నాయి. ఎవరి బ్రాంచి వాళ్లకుంది. ఉమ్మడి కోడ్‌లోకి పోయే మార్పు మిగతావాళ్ల ఫలితాలను చెప్పకుండా మార్చకూడదన్నది వాళ్ల పట్టింపు. పాత తప్పుని సరిదిద్దినా, ఆ సవరణని కొన్నిసార్లు స్విచ్‌గానే పెడతారు, పాత రన్‌లు నడిపేవాళ్లు ఇబ్బంది పడకుండా. ఇంకో మంచి అలవాటు ఉంది. మోడల్ నడిచిన ప్రతిసారీ ఏ పారామీటరుకి ఏ విలువ వాడిందో, మనం ఇవ్వకుండా డిఫాల్ట్‌గా తీసుకున్నవాటితో సహా, ఒక ఫైల్లో రాసిపెడుతుంది. రెండు రన్‌ల ఫైళ్లు పక్కపక్కన పెట్టి డిఫ్ (తేడాలు చూపే కమాండ్) కొడితే తేడా బయటపడుతుంది.

రోమ్స్‌లో కూడా దీనికి దగ్గరది ఒకటుంది. చాలామంది విద్యార్థులు దాన్ని చూడనే చూడరు. మీ హిస్టరీ ఫైలు (మోడల్ రాసే ఫలితాల ఫైలు) మీద ఎన్‌సీడంప్ అనే కమాండ్‌ని హెడర్ (ఫైలు మొదట్లోని వివరాలు) మాత్రమే చూపించమని నడపండి. అడుగున గ్లోబల్ అట్రిబ్యూట్లలో కోడ్ వెర్షన్, హెడర్ ఫైలు పేరు, కంపైలర్, దాని ఫ్లాగులు, టైలింగ్ (సముద్రాన్ని ముక్కలుగా కోర్లకు పంచిన తీరు), ఆన్ చేసిన సీపీపీ ఆప్షన్లు అన్నీ వరసగా ఉంటాయి. "నీకు వచ్చింది నాకు రావడం లేదు" అని ఇద్దరు వాదించుకునే ముందు ఈ రెండు జాబితాలు పోల్చమనండి. ఒక్క మెలిక ఉంది: గిట్‌లో కమిట్ (నమోదు) చేయకుండా కోడ్‌లో చేసిన మార్పు ఆ జాబితాలో కనపడదు. అందుకే కమిట్ చేయని కోడ్‌తో అసలు రన్ వేయకూడదు అని గట్టిగా చెప్పాలి. ట్రయల్ రన్‌లకు మినహాయింపు ఇవ్వండి, పేపర్లోకి పోయే రన్‌కి ఇవ్వకండి.

కంపైలర్ మారినా, ఆప్టిమైజేషన్ ఫ్లాగు మారినా చివరి అంకెలు మారతాయి. సముద్రంలో సుడులు ఉంటాయి కాబట్టి ఆ చిన్న తేడా కొన్ని నెలల మోడల్ కాలంలో పెరిగి, సుడి ఒక చోట ఉండాల్సింది ఇంకో చోట కనిపిస్తుంది. దాన్ని తప్పు అనుకోకండి. అలాంటప్పుడు ఫలానా రోజు మ్యాపులు పోల్చడంలో అర్థం లేదు, సగటులు పోల్చాలి. కానీ మొదటి రోజు నుంచే కొట్టొచ్చినట్టు తేడా ఉంటే మాత్రం అది ఇన్‌పుట్‌లోనో, సెట్టింగుల్లోనో, కోడ్‌లోనో ఉన్న తేడానే. కంపైలర్ మీదకు నెట్టేయనివ్వకండి.

ఇన్‌పుట్ అంటే ఒకటి గుర్తొచ్చింది. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు మన నెల్లూరు తీరాన్ని ఆనుకుని నెమ్మదిగా పైకి జరిగింది. నాకు తెలిసిన ఒక గ్రూపులో ఇద్దరు విద్యార్థులు ఆ తుపానునే తీసుకున్నారు, ఒకరు నీటిమట్టం కోసం, ఒకరు ఉష్ణోగ్రత కోసం. కృష్ణపట్నం ముందు తీరపు నీళ్లు ఒకరి రన్‌లో బాగా చల్లబడ్డాయి, ఇంకొకరి రన్‌లో అంతగా లేదు. దాని మీద చాలా చర్చ జరిగింది. ఈశాన్య రుతుపవనాల కాలంలో పైన మంచినీటి పొర ఉంటుంది, దాని వల్ల బారియర్ లేయర్ (అడ్డు పొర) ఏర్పడుతుంది, కింది చల్లటి నీళ్లు పైకి కలవవు, కాబట్టి మిక్సింగ్ స్కీములోనే తేడా ఉండాలి అని. వినడానికి చాలా బాగుంది. నేను రెండు హిస్టరీ ఫైళ్లలోంచి లోతుల వేరియబుల్ తీసి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి చూడమన్నాను. తీరం పొడవునా చారలా తేడా వచ్చింది. ఒకరు కనీస లోతు 5 మీటర్లు పెట్టారు, ఇంకొకరు 20. ఒడ్డు దగ్గర లేని లోతు ఇస్తే అక్కడ అంత ఎక్కువ నీరు ఉన్నట్టు, అది చల్లబడటానికి అంత ఎక్కువ సమయం పట్టినట్టు. ఇద్దరి గ్రిడ్ ఫైలు (సముద్రాన్ని గళ్లుగా విడగొట్టి లోతులు రాసిన ఫైలు) పేరూ ఒకటే: గ్రిడ్_ఫైనల్.

ఇది ఎందుకు జరుగుతుందంటే, రోమ్స్ సముద్రపు అడుగుని అనుసరించే పొరలు వాడుతుంది. వాలు నిటారుగా ఉన్నచోట పీడనం లెక్కలో దోషం వస్తుంది, లేని ప్రవాహాలు పుడతాయి. దాన్ని తగ్గించడానికి లోతులను నునుపు చేస్తాం. ఎవరి అభిరుచిని బట్టి వాళ్లు నునుపు చేస్తారు. పులికాట్ ముఖద్వారాన్ని ఒకరు నీరు అంటారు, ఇంకొకరు నేల అంటారు. అందువల్ల గ్రిడ్ అనేది ఒకసారి అందరూ కూర్చుని తేల్చుకుని, పేరులో తేదీ పెట్టి, ఎండీ5 చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే సంఖ్య) రాసిపెట్టి, రాసే అనుమతి తీసేయాల్సిన ఫైలు. ఇంకో గ్రిడ్ కావాలంటే ఇంకో పేరుతో చేసుకోవచ్చు, దాని మీద మాత్రం చేయి పెట్టకూడదు. ఫైనల్, ఫైనల్2, లేటెస్ట్ అనే మాటలు ఫైలు పేర్లలో నిషేధించండి.

నదుల ఫైలూ అంతే. చాలామంది నెలవారీ సగటు ప్రవాహం వేసి ఊరుకుంటారు. 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరద ఆ సగటులో ఎక్కడుంటుంది? మీ ప్రశ్న ఆ వరద గురించే అయితే రోజువారీ లెక్క సంపాదించాల్సిందే. కాకపోతే సగటు చాలు. ఏది వాడారో చీటీలో ఉంటే చాలు.

చీటీ అన్నాను కదా, అదేమీ పెద్ద సాఫ్ట్‌వేర్ కాదు. రన్ ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలు. ఇలా ఉంటుంది:

*రన్ 14. ఎందుకు: పెన్నా నీళ్లు ఆపేస్తే కృష్ణపట్నం ముందు లవణీయత ఎంత మారుతుందో చూడటానికి. ఏ రన్ నుంచి: 9. తేడా: నదుల ఫైల్లో పెన్నా సున్నా, మిగతావన్నీ అవే. కోడ్: కమిట్ నంబరు. మొదలు: రన్ 9 రీస్టార్ట్ (ఆగినచోట నుంచి మళ్లీ మొదలుపెట్టే ఫైలు), అక్టోబరు 1. కోర్లు: 64. ఎప్పటిదాకా ఉంచాలి: పేపరు అయ్యేదాకా. ఏం తేలింది: (ఖాళీ).*

చివరి గడి ఖాళీగా ఉన్న రన్‌లు ఎన్ని ఉన్నాయో నెలకోసారి చూడండి. కంప్యూటర్ సమయం ఎక్కడికి పోతోందో అక్కడ తెలుస్తుంది. "తేడా" అనే చోట రెండు విషయాలు రాస్తే ఆ రన్ వేయనివ్వకండి. గాలులూ మార్చి, నదులూ మార్చి నడిపితే వచ్చిన తేడా దేని వల్లో ఎవరూ చెప్పలేరు.

ఇక డిస్క్. నిజం చెప్పాలంటే మీ అసలు ఇరుకు ఇదే, కోర్లు కాదు. ఒక లెక్క వేద్దాం. 400 × 500 గ్రిడ్, 40 పొరలు. అంటే 80 లక్షల గళ్లు. ఒక్కో విలువకు 4 బైట్లు వేసుకున్నా ఒక వేరియబుల్‌కి 32 ఎంబీ. ఉష్ణోగ్రత, లవణీయత, రెండు ప్రవాహాలు కలిపి 128 ఎంబీ. రోజుకొకటి చొప్పున పదేళ్లు దాస్తే సుమారు 467 జీబీ. గంటకొకటి దాస్తే 11 టీబీ దాటుతుంది. నలుగురు అలా చేస్తే ఏ డిస్క్ సరిపోతుంది? గంటకొకటి కావాల్సింది ఉపరితలానికో, తీరం దగ్గర నాలుగైదు స్టేషన్లకో మాత్రమే. రోమ్స్‌లో స్టేషన్ ఫైలు విడిగా తీసుకోవచ్చు. లోతుతో సహా మూడు దిక్కుల ఫైళ్లు రోజువారీ సగటుగా చాలు. పాతవాటిని నెట్‌సీడీఎఫ్4 (ఈ ఫైళ్ల ఫార్మాట్) కంప్రెషన్‌తో మార్చుకుంటే ఇంకా తగ్గుతుంది, నేల ఉన్న గళ్లు ఎక్కువ ఉండే మన తీరపు గ్రిడ్లలో బాగానే తగ్గుతుంది.

నలుగురూ విడివిడిగా ఈరా5 (యూరప్ వాళ్ల వాతావరణ డేటా) గాలులు డౌన్‌లోడ్ చేసుకుని ఉంటారు, పందెం కాస్తాను. అవి 0.25 డిగ్రీల గ్రిడ్ మీద గంటగంటకూ ఉండే ఫైళ్లు. నాలుగు కాపీలు ఎందుకు? ఒకటి ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టి మిగతా మూడు తీసేయండి. ఈ వారమే కొంత జాగా దొరుకుతుంది.

ఇంకొకటి, చాలా చికాకు పెట్టేది. పీహెచ్‌డీ అయిపోయి ఉద్యోగానికి వెళ్లినవాళ్ల ఫైళ్లు వాళ్ల పేరు మీదే ఉండిపోతాయి. ఎవరూ తెరవలేరు, తీసేయలేరు. ఉమ్మడి ఫోల్డర్‌లో మొదటి రోజే గ్రూపు అనుమతి పెట్టాలి. థీసిస్ సబ్మిట్ చేసే ముందు నో డ్యూస్ తీసుకుంటారు కదా, ఆ కాగితంలో "డేటా అప్పగించాను" అని ఒక గీత కలపండి. సూపర్‌కంప్యూటర్ల స్క్రాచ్ డిస్క్ (తాత్కాలిక నిల్వ) మీద కొన్నాళ్లు ముట్టని ఫైళ్లను వాళ్లే తుడిచేస్తారన్నదీ పిల్లలకు చెప్పండి. గడువు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, లాగిన్ అయినప్పుడు వచ్చే నోటీసులోనే రాసి ఉంటుంది. ఎవరూ చదవరు.

క్యూ విషయం. మొదట ఒకటి: నలుగురూ ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్ వాడటం ఈ రోజే ఆపేయండి. సెంటర్ వాళ్లు కనిపెడితే అకౌంటే ఆపేయొచ్చు. పైగా ఎవరి జాబు ఏదో, ఎవరు ఏం తుడిచారో తెలియదు. ఒకే ప్రాజెక్టు కింద నలుగురికీ విడి లాగిన్‌లు అడిగితే మామూలుగా ఇస్తారు.

విడి లాగిన్‌లు వచ్చినా వాటా ఉమ్మడిదే. స్లర్మ్‌లో (జాబుల క్యూ నడిపే ప్రోగ్రామ్) ఫెయిర్‌షేర్ అనే పద్ధతి ఉంటుంది. మీ ప్రాజెక్టు ఈమధ్య ఎంత ఎక్కువ వాడితే తరువాతి జాబులకు ప్రాధాన్యం అంత తగ్గుతుంది. ఒకడు శుక్రవారం రాత్రి ముప్పై జాబులు ఒక్కసారి వదిలితే సోమవారం మిగతా ముగ్గురి జాబులూ పడుకుంటాయి. సోమశిల కాలువ కింద పొలం ఉన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎగువ వాళ్లు తూము ఎత్తేసి కూర్చుంటే శివారు భూములకు చుక్క రాదు. అందుకే అక్కడ లస్కరు ఉంటాడు. మీ గ్రూపుకీ ఒక లస్కరు కావాలి. సీనియర్ విద్యార్థిని ఒకరిని పెట్టండి, ఆర్నెల్లకోసారి మార్చండి. పని ఏమిటంటే వారానికోసారి వాడకం చూడటం, ఎవరి రన్ ముందు పోవాలో చెప్పడం, డిస్క్‌లో ఎవరు ఎంత ఆక్రమించారో జాబితా గ్రూపులో పెట్టడం. జాబితా అందరికీ కనపడితే చాలు, ఎవరినీ తిట్టక్కర్లేదు. ఈ పని చేసిన విద్యార్థి పేరు పేపర్లో చేర్చడమో, కనీసం కృతజ్ఞతల్లో రాయడమో మర్చిపోకండి. ఊరికే చాకిరీ అనిపిస్తే రెండో నెలకే వదిలేస్తారు.

కోర్లు ఎక్కువ అడిగితే త్వరగా అవుతుందన్నది కొత్తవాళ్ల భ్రమ. గ్రిడ్‌ని ముక్కలు చేసి కోర్లకు పంచుతాం. ముక్క చిన్నదైన కొద్దీ లెక్క తగ్గి, పక్క ముక్కలతో అంచుల విలువలు ఇచ్చిపుచ్చుకోవడమే ఎక్కువైపోతుంది. పైగా సముద్ర మోడళ్లు మెమరీ నుంచి డేటా తెచ్చుకోవడంలోనే ఎక్కువ సమయం గడుపుతాయి. మీ 32 కోర్ల వర్క్‌స్టేషన్ మీద 16 కోర్లకు, 32 కోర్లకు తేడా మీరు అనుకున్నంత ఉండకపోవచ్చు. పెద్ద రన్‌కి ముందు ఐదు రోజుల మోడల్ కాలాన్ని 16, 32, 64, 128 కోర్ల మీద నడిపి గ్రాఫు గీయించండి. గీత ఎక్కడ వంగుతుందో అక్కడ ఆగండి. అదే గ్రాఫు కంప్యూటర్ సమయం కోసం పెట్టే దరఖాస్తులో కూడా పనికొస్తుంది. పదేళ్ల రన్‌ని ఒకే జాబుగా వేయకండి. ఏడాదికొకటిగా విడగొట్టి, ఒకటి అయ్యాకే తరువాతిది మొదలయ్యేలా గొలుసు కట్టండి. గడువు తక్కువ అడిగిన జాబులు పెద్ద జాబుల మధ్య సందుల్లో దూరి ముందే అయిపోతాయి.

గ్రిడ్ గడి సైజుని సగానికి తగ్గించాలని ఎవరైనా ఉబలాటపడితే ఖర్చు చెప్పండి. రెండు దిక్కులా రెట్టింపు గళ్లు, టైమ్‌స్టెప్ (లెక్కలో ఒక్కో అడుగుకి పట్టే మోడల్ కాలం) సగం, అంటే ఎనిమిది రెట్లు. మన తీరం ముందున్న 3000 మీటర్ల లోతులో ఉపరితల అల సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో పోతుంది. చిన్న టైమ్‌స్టెప్ దాన్ని పట్టుకోవాలి, బేరం కుదరదు.

అసలు ప్రతి ప్రశ్నకూ రన్ కావాలా అన్నది కూడా అడగండి. కోపర్నికస్ (యూరప్ వాళ్ల డేటా సేవ) వాళ్ల గ్లోరిస్ పునర్విశ్లేషణ (మోడల్‌ని పరిశీలనలతో సరిదిద్దిన పాత ఏళ్ల డేటా) 1/12 డిగ్రీ గ్రిడ్‌తో 1993 నుంచి రోజువారీగా ఉచితంగా దొరుకుతుంది. తూర్పు తీర ప్రవాహం నైరుతి రుతుపవనాలకు ముందు ఉత్తరానికి, అక్టోబరు తరువాత దక్షిణానికి ఎలా తిరుగుతుందో చూడాలంటే అది చాలు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సంస్థ) సైట్‌లో పరిశీలనల డేటా, మోడల్ ఫలితాలు ఉంటాయి. అక్కడి శిక్షణ కేంద్రం కోర్సులు కూడా పెడుతుంది, లస్కరుని ఒకసారి పంపండి. పుణె, నోయిడాల్లో 2024లో వచ్చిన అర్క, అరుణిక లాంటి సూపర్‌కంప్యూటర్లు వాతావరణ సంస్థల పనికోసం పెట్టినవి. వాటిని చూసి మన దగ్గర అంత లేదే అని దిగులుపడే పని లేదు. మీ పిల్లల ప్రశ్నలకు చిన్న గ్రిడ్ చాలు.

గ్రాంటు దేనికి ఖర్చు పెట్టాలంటే, నా లెక్కలో వరస ఇది: రెండు చోట్ల కాపీ ఉండేలా డిస్కులు, గట్టి యూపీఎస్, గదికి ఏసీ. మే నెలలో నెల్లూరు ఎండకు, కరెంటు కోతలకు మెషిన్ ఆగిపోతే పోయేది ఆ రన్‌ ఒక్కటే కాదు, సగం రాసిన రీస్టార్ట్ ఫైలు కూడా. రోమ్స్ ఇన్‌పుట్ ఫైల్లో రీస్టార్ట్‌ని రెండు రికార్డుల మధ్య మార్చి మార్చి రాయించే స్విచ్ ఉంది. దాన్ని ఆన్‌లో ఉంచి, రీస్టార్ట్ కనీసం మోడల్ నెలకోసారి రాయించండి. ఒక రికార్డు రాసేటప్పుడు కరెంటు పోయినా రెండోది మిగిలే అవకాశం ఉంటుంది, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇక డబ్బు మిగిలితే అప్పుడు కోర్ల గురించి మాట్లాడుకుందాం. మీ గ్రిడ్ కొలతలు, ఇప్పుడున్న డిస్క్ ఎంతో రాస్తే ఏ సైజు సరిపోతుందో లెక్క వేసి చెప్తాను.